తుర్సినా ఇచ్చిన వెంట్రుకలు

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు. తుర్సినా సంగతి వేరు. ఆవిడ ఏ కొప్పయినా పెట్టగలదు, జుట్టొక్కటే లేదు.

ఆ సంగతి ఊళ్ళో ఆవిడ మొగుడు రసికున్‌కి తెలుసు. కొడుకు ప్రముజికీ తెలుసు గానీ, అతను లారీ డ్రైవరు. నెలలో సగం రోజులు సుమత్రా రోడ్ల మీదే ఉంటాడు, తక్కిన సగం నిద్రపోతాడు. కాబట్టి రహస్యానికి అతని వల్ల ముప్పు లేదు.

జావాలో మా పుర్బలింగాలో ఆడదానికి బోడితల దాచుకోవడం సులువు, ఎందుకంటే ఊరంతా విగ్గుల పనే. కష్టం కూడా, ఎందుకంటే ఊరంతా విగ్గుల పనే. పెట్టుడు జుట్టుని వీధి చివరి నుంచే పసిగట్టే కళ్ళు ప్రతి గుమ్మంలోనూ ఉంటాయి. పొద్దున్నే ఆడవాళ్ళు మోటారు సైకిళ్ళెక్కి ఫ్యాక్టరీలకి పోతారు. మగవాళ్ళు పిల్లలకి స్నానాలు చేయించి, అన్నం వండి, గుమ్మంలో కూర్చుని కోళ్ళని అదిలిస్తుంటారు. ఆ మగవాళ్ళు కూడా ఇరవై ఏళ్ళుగా పెళ్ళాల చేతుల్లో చూసీ చూసీ, "ఇది మిషను కుట్టు, అది చేతి పని" అని తేల్చి చెప్పేయగలరు. అలాంటి ఊళ్ళో, అలాంటి కళ్ళ మధ్య, తుర్సినా తన విగ్గు తనే అల్లుకుని ఏళ్ళ తరబడి నెగ్గుకొచ్చింది.

పని చేతిలో ఉంది మరి. సన్నటి వల, కొక్కెం సూది, ఒక్కొక్క వెంట్రుకనీ లాగి ముడి వేయడం. అందరూ చేసేదే. కానీ నుదుటి అంచు దగ్గర వెంట్రుక చర్మంలోంచి మొలిచినట్టు కనిపించాలి, అక్కడే చాలామంది చేతులు తేలిపోతాయి. ఫ్యాక్టరీలో నుదుళ్ళన్నీ తుర్సినాకే ఇచ్చేవారు. చూపు మందగించాక మేస్త్రీ వలలు ఇంటికే పంపడం మొదలుపెట్టాడు. జుట్టు మూటలు ఎక్కడెక్కడివో వచ్చేవి. కొన్ని ఇండియా నుంచి, అక్కడి జనం దేవుడికి మొక్కి తల నున్నగా గీయించుకుంటే వచ్చిన జుట్టు అని మేస్త్రీ ఓసారి చెప్పాడు. తన సొంత విగ్గుకి తుర్సినా ఆ మూటల్లోదే కొనుక్కుంది. నల్లగా, కొంచెం వంపు తిరిగి, మెత్తగా ఉండేది. ఎవరిదో, ఏ బిడ్డ జబ్బు నయమైతే ఇచ్చిందో. పొద్దున్నే దువ్వుకుంటూ ఆ పేరు తెలియని మనిషికి లోలోపల ఓ దణ్ణం పెట్టుకునేది.

జుట్టు ఊడడం ఆవిడకి బడికి పోయే వయసులోనే మొదలైంది. ఒంటి మీద మరెక్కడా లోటు లేదు, కనుబొమలు ఇంతింత ఒత్తు. తల ఒక్కటే పలచబడుతూ పలచబడుతూ పెళ్ళీడుకి గుమ్మడికాయ అయ్యింది. వాళ్ళమ్మకీ అంతే. అమ్మ తమ్ముడికీ అంతే. అమ్మమ్మ అమ్మ ఎవరో క్లావింగ్ నది ఒడ్డున తల దువ్వుకుని, రాలిన చిక్కు నీళ్ళలో పారేసిందట. నదిలో ఉన్నావిడకి కోపం వచ్చి, "ఇక మీ ఇంటి జుట్టంతా నాదే" అందట. అమ్మ ఈ కథ చెప్పి, "తప్పు మనదేనే, నోరెత్తకు" అనేది. నోరెత్తకపోవడం తుర్సినా అక్కడే నేర్చుకుంది.

పెళ్ళయిన మూడో రోజు మధ్యాహ్నం రసికున్ ఓ కునుకు తీసి లేచేసరికి చాప మీద నల్లగా ఏదో ముడుచుకుని పడుంది. పిల్లి అనుకుని "ఫో, ఫో" అన్నాడు. కదల్లేదు. కాలితో తోశాడు. పక్కన పడుకున్న పెళ్ళాం తల మీద దుప్పటి లాక్కుని ఏడుపు మొదలెట్టింది. అతను ఆ పిల్లినీ, ఈ దుప్పటినీ కాసేపు మార్చి మార్చి చూసి, "సరేలే, దువ్వడానికి ఇదే వీలు. ఒళ్ళో పెట్టుకుని దువ్వుకోవచ్చు" అన్నాడు. ఆ మాటకి తుర్సినా అతనితో జన్మంతా కాపురం చేసింది. ఇంటికెవరైనా వస్తుంటే రసికున్ గుమ్మంలోంచి గట్టిగా దగ్గుతాడు. ఆ దగ్గు విని ఊళ్ళో అతనికి ఆయాసం జబ్బు అని స్థిరపడిపోయారు. అల్లం కషాయాలు కూడా పంపుతారు.

అన్నిటికంటే ఇరకాటం పేల దగ్గర వచ్చేది. ఎండ తగ్గాక మా వైపు ఆడవాళ్ళు మెట్ల మీద ఒకరి కింద ఒకరు కూర్చుని పేలు చూసుకుంటారు. పైమెట్టు మనిషి కిందమెట్టు మనిషి తలలో, ఆవిడ ఇంకో మెట్టు కింద మనిషి తలలో. పేలున్నా లేకపోయినా చూస్తారు. ఎవరి మొగుడు ఎవరితో ఏమన్నాడు, ఎవరింట్లో సోయాగింజల టెంపె పులిసింది, అంతా ఆ వరసలోనే తేలుతుంది. తల ఒప్పజెప్పనిది మనసూ ఒప్పజెప్పదని ఓ మాట ఉంది. తుర్సినా ఎప్పుడూ పైమెట్టు మీదే కూర్చుంటుంది. అందరి తలలూ చూస్తుంది, తన తల ఎవరికీ ఇవ్వదు.

"నీ తలలో ఏం బంగారం దాచావే?" అనేది పక్కింటి కుస్వతి.

"నా తలలో వేలు పెడితే నాకు మూడు రోజులు తలనొప్పి అక్కా."

"పొగరు అంటారు దాన్ని మా ఇంట్లో."

పొగరు అనిపించుకోవడమే నయం అనుకునేది తుర్సినా.

వయసు మీద పడ్డాక ఆవిడ మరో విగ్గు అల్లుకుంది. అందులో అక్కడొకటి అక్కడొకటి తెల్ల వెంట్రుకలు కూడా ముడి వేసింది, అనుమానం రాకుండా. కానీ చేతికి కాస్త పిసినారితనం ఉంది, తెల్లవి తక్కువ పడ్డాయి. కుస్వతి ఓ రోజు పట్టేసింది. "నా ఈడు దానివే కదా. నాది ముగ్గుబుట్ట, నీది కాకిరెక్క. ఏం రాస్తున్నావో చెప్పు."

ఏదో ఒకటి చెప్పకపోతే కదిలేలా లేదు. తుర్సినా చేతిలో అప్పుడు కూరకి నూరుతున్న కెమిరి గింజలున్నాయి. "ఇవే" అంది. "మాడేదాకా వేయించి, కొబ్బరినూనెలో నానేసి, శుక్రవారం శుక్రవారం."

అంతే. నెల తిరక్కుండా వీధి వీధంతా కెమిరి నూనె కంపు. బజార్లో గింజలకి కొరత వచ్చింది. వీధి పెద్ద కూడా తన బట్టతలకి రాసుకుని ఎండలో బయటికొస్తే ఎదురొచ్చే వాళ్ళు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకోవాల్సి వచ్చేది. తుర్సినా, రసికున్ లోపల తలుపేసుకుని నవ్వుకునేవాళ్ళు.

కినాసికి జుట్టు రాలడం మొదలయ్యాక నవ్వు ఆగిపోయింది.

కినాసి ప్రముజి కూతురు, అప్పుడే బడిలో చేరింది. పక్కవాటాలోనే ఉంటారు. పిల్ల తల్లి దర్యాతి పెట్టుడు కనురెప్పల ఫ్యాక్టరీలో పని చేస్తుంది, మనిషి చురుకు. దిండు మీద వెంట్రుకలు కనబడ్డ రోజునే వాటిని కాగితంలో చుట్టుకుని అత్త దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. మా వైపు కోడలు కూడా అత్తని అమ్మా అనే పిలుస్తుంది.

"అమ్మా, చూడండి. దువ్వెనకి కూడా వస్తున్నాయి. మీ నూనె కాచిపెట్టరూ?"

తుర్సినా ఆ కాగితం వంక చూసింది. ఆ సన్నటి వెంట్రుకలు ఆవిడకి పాత చుట్టాలు. "నూనె ఎందుకులే, చిన్నపిల్లకి" అంది.

"ఊరందరికీ చెప్పి మనవరాలికి చెయ్యరా?"

కాచి ఇచ్చింది. ఇంకేం చేస్తుంది? సాయంత్రం సాయంత్రం దర్యాతి పిల్లని రెండు మోకాళ్ళ మధ్య బిగించి ఆ నల్లటి నూనె పట్టిస్తుంటే, "నాకొద్దమ్మా, బళ్ళో నన్ను వేపుడు గింజ అంటున్నారు" అని కినాసి ఏడ్చేది. గోడకి ఇవతల తుర్సినా చేతిలో కొక్కెం ఆగిపోయేది. చెప్పేద్దామా అని నోటిదాకా వచ్చేది. చెబితే ఇన్నేళ్ళ బతుకంతా మెట్ల మీద పెట్టి పేలు చూస్తారు. మళ్ళీ వల మీదికి వంగేది.

అలా నడుస్తుండగా జోగ్జా పట్నం నుంచి వెనింగ్ అనే డాక్టరమ్మ ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. పొట్టిగా, కళ్ళద్దాలతో, అందరికీ ముందే నవ్వు పంచిపెట్టే మనిషి. చిన్నప్పుడే జుట్టు ఊడే కుటుంబాల మీద వాళ్ళ విశ్వవిద్యాలయంలో పరిశోధన జరుగుతోంది. దర్యాతి ఇల్లు ఇల్లంతా కట్టగట్టి తీసుకుపోయింది. మొగుణ్ణి నిద్ర లేపి, బొబొత్సారిలో ఉన్న తన తల్లిని పిలిపించి, అత్తామామల్ని ముందు నడిపించి.

ప్రముజి తల ఎందుకు నున్నగా ఉందని డాక్టరమ్మ అడిగింది.

"లారీలో వేడి. గీయించేస్తా" అన్నాడు ప్రముజి, తల్లి వైపు చూడకుండా.

మగాడి బోడితలకి కారణాలు ఎవరు తవ్వుతారు? ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా తుర్సినాకి దేవుడి మీద చిన్న కోపం వస్తుంది. ఒకటే జబ్బు, కొడుక్కి సరదా, తల్లికి జైలు.

తుర్సినా వంతు వచ్చింది. "మీకు జుట్టు బాగానే ఉందే, అదృష్టవంతులు" అని డాక్టరమ్మ కాగితం మీద గీత గీసుకుంది. "కొంచెం రక్తం, వేరుతో సహా నాలుగు వెంట్రుకలు ఇవ్వండి, చాలు."

"రక్తం ఇవ్వలేనమ్మా. ఉపవాసం. గురువారం కదా."

"ఉపవాసమేమిటి? పొద్దున నేను వేయించిన మెండోవాన్ బజ్జీలు..." అని మొదలుపెట్టాడు రసికున్. తుర్సినా మోచెయ్యి తగిలేసరికి మిగతాది దగ్గులోకి దించేశాడు.

"పోనీ వెంట్రుకలు ఇవ్వండి."

"మా వారి ఎదుట తప్ప తల విప్పను" అని తెర వెనక్కి వెళ్ళింది. విగ్గు వెనక అంచు నుంచి నాలుగు పోగులు లాగింది. చివర చిన్న ముడి కళ్ళకి ఆనీ ఆననట్టు ఉంటుంది. వెంట్రుక కుదురు కూడా అలాగే కదా ఉండేది, ఇంతకంటే ఎవరు చూస్తారు అనుకుంది. ఇంకెవరైనా అయితే తెగిన వెంట్రుక ఇచ్చి దొరికిపోయేవాళ్ళు. ముడి వేయడమే బతుకుగా బతికిన మనిషి గనక ముడిని నమ్ముకుంది. డాక్టరమ్మ ఆ నాలుగింటినీ ఓ చిన్న సంచిలో వేసి, "చాలా థాంక్సండీ" అంది. తుర్సినా సంతోషంగా ఇంటికొచ్చి కాఫీ తాగింది.

ఆ సంతోషం ఎక్కువకాలం నిలవలేదు. పిల్ల తండ్రి వైపు చూస్తే నాన్నమ్మకి జుట్టు నిండుగా ఉంది, తండ్రి మగాడు, మగాళ్ళ బట్టతల దారే వేరు. ఇక మిగిలింది తల్లి వైపే అని ఊరు తీర్పు చెప్పేసింది. డాక్టరమ్మ అలా అనలేదు, ఊరికి డాక్టరమ్మతో పనేముంది? దర్యాతి తల్లికి వయసు మీద పడి జుట్టు పలచబడింది, దాన్ని పట్టుకున్నారు. మెట్ల మీద వరసలో కుస్వతి తేల్చింది. "ఆ దర్యాతి కడుపుతో ఉన్నప్పుడు కోడి ఈకలు పీకింది. నేను కళ్ళారా చూశా. పీకిందంతా పిల్ల నెత్తికి తగిలింది." బోడిగుండుకీ మోకాలికీ ముడెయ్యడమంటే ఇదే. కానీ దర్యాతి నమ్మేసింది. ఆ కోడి వండింది తనే, తిన్నదీ తనే. ఫ్యాక్టరీ నుంచి రాగానే పిల్లని చూసి కళ్ళు తుడుచుకునేది. తల్లి ఫోను చేసి, "నా తలేనేమో అమ్మా నీ కూతురికి వచ్చింది" అని ఏడ్చేది. ఇటు కూతురు, అటు తల్లి. మధ్యలో గోడకి ఇవతల తుర్సినా, నుదుటి అంచులు అల్లుకుంటూ.

వానలు తగ్గాక ఓ ఉదయం డాక్టరమ్మ ఒంటరిగా వచ్చింది. రసికున్ దగ్గడానికి నోరు తెరిచేలోపే గుమ్మంలోకి వచ్చేసింది. వీపు మీద సంచి, చేతిలో ఫోను.

"తుర్సినా గారూ, మీతోనే పని. ఇంకెవరూ లేరుగా?"

"నేనున్నా. నేను లెక్కలోకి రాను" అన్నాడు రసికున్.

డాక్టరమ్మ ఫోనులో ఓ బొమ్మ చూపించింది. నల్లటి తాడు, చివర చక్కగా బిగించిన ముడి. తుర్సినాకి చెప్పక్కర్లేదు. తన చేతి ముడి తనకి తెలియదా? వెయ్యింతలు పెద్దదై, గుడిసె కట్టిన తాడు ముడిలా ఉంది.

"మా దగ్గర దీన్ని భూతద్దం కింద పెట్టిన అబ్బాయి కేకేసి అందర్నీ పిలిచాడండీ. ముడి ఎంత బాగుందో అని" అంది డాక్టరమ్మ. "నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పను కూడా. మీరు వద్దంటే మీ పేరు తీసేస్తా, ఇక్కడితో సరి."

తుర్సినాకి భూమి చీలితే బాగుండుననిపించింది. తల వంచుకుందామంటే తలతోనే తగువు. చివరికి కాళ్ళ బొటనవేళ్ళ వంక చూసింది.

"మరి ఎందుకొచ్చారు?" అన్నాడు రసికున్, మెల్లగా.

"చెప్తాను. వల అల్లేటప్పుడు ఓ కన్ను తప్పిందనుకోండి, ఎక్కడ తప్పిందో తెలియాలంటే తప్పు ఉన్న వలనీ, లేని వలనీ పక్కపక్కన పెట్టి చూడాలి. మనిషి ఒంట్లో జన్యువులు కూడా అంతే. ఎవరికి జుట్టు ఊడింది, ఎవరికి ఊడలేదు, అది నిజంగా తెలిస్తేనే తప్పిన కన్ను దొరుకుతుంది. మీరు ఊడలేదన్నారు. మీ మాట నమ్మితే మేం పాప అమ్మ వైపు వెతకాలి. ఎన్నేళ్ళు వెతికినా అక్కడ దొరకదు."

"దొరికితే పిల్లకి జుట్టు వస్తుందా?"

డాక్టరమ్మ ఫోను సంచిలో పెట్టేసింది. "ఇప్పుడు రాదు. అబద్ధం చెప్పను. తప్పు ఎక్కడుందో తెలిస్తే దాన్ని సరిచేసే దారి వెతకొచ్చు. కొన్నిచోట్ల కుదుళ్ళని గాజుగిన్నెలో పెంచి చూస్తున్నారు. కినాసి పెద్దదయ్యేసరికి ఏం వస్తుందో, ఏం రాదో. కానీ మొదటి మెట్టు ఇదే."

ఆవిడ టీ తాగి వెళ్ళిపోయింది. తుర్సినా ఆ రోజు ఒక్క ముడి కూడా వేయలేదు. రసికున్ అన్నం పెట్టాడు, తినలేదు. "ఏం చేస్తావ్?" అన్నాడు. "నువ్వయితే ఏం చేస్తావ్?" అంది. "నాకు జుట్టుంది కదే, నా మాటకి విలువ లేదు" అన్నాడు.

సాయంత్రం ఎండ వాలింది. మెట్ల మీద వరస మొదలైంది. పైన కుస్వతి, కిందమెట్టు మీద దర్యాతి కూర్చుని ఎవరి తలా చూడకుండా, తన తల కూడా ఎవరికీ ఇవ్వకుండా, పిల్ల గౌను కుట్టుకుంటోంది. కోడి మాట పుట్టాక ఆమె తల ఎవరూ అడగడం లేదు. తుర్సినా వచ్చింది. ఎప్పటిలా పైకెక్కలేదు. దర్యాతి ముందు, ఇంకో మెట్టు కింద, వీపు తిప్పి కూర్చుంది.

"చూడమ్మా" అంది.

దర్యాతికి అర్థం కాలేదు. "ఏం చూడమంటారు?"

"పేలు."

"మీకు తలనొప్పి కదా?"

తుర్సినా చేతులెత్తి పిన్నులు ఒక్కొక్కటే తీసి ఒళ్ళో వేసుకుంది. ఒక పిన్ను జారి మెట్ల మీంచి దొర్లిపోయింది. తర్వాత రెండు చేతులతోనూ విగ్గు పట్టుకుని, టోపీ తీసినట్టు తీసి మోకాళ్ళ మీద పెట్టుకుంది. సాయంకాలపు గాలి నేరుగా నెత్తికి తగిలింది. అది ఎంత హాయిగా ఉందో, అప్పుడు ఆ హాయి గుర్తుకు రావడం ఎంత సిగ్గనిపించిందో, ఆవిడే తర్వాత చెప్పి నవ్వేది.

వెనక కుట్టుసూది ఆగింది.

"మా అమ్మకీ ఇంతే" అంది తుర్సినా ముందున్న కోళ్ళతో చెబుతున్నట్టు. "ప్రముజిది కూడా గీయించింది కాదు. పిల్లకి వచ్చింది నా తల. నీది కాదు, మీ అమ్మది కాదు, కోడిది అసలే కాదు."

పైమెట్టు మీంచి కుస్వతి ముందుకి వంగింది. "అయితే ఆ నూనె?"

"కూరలో వేసుకునే గింజలక్కా అవి."

"రెండేళ్ళు రాశానే. మా ఆయన నా పక్కన పడుకోడం మానేశాడు, ఆ కంపుకి."

"దానికి నూనె కారణం కాదులే" అని ఎవరో అన్నారు. వరసంతా ఒక్కసారి పగలబడింది. కుస్వతి కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా.

దర్యాతి నవ్వలేదు. లేచి మెట్టు దిగి అత్త ఎదురుగా నిలబడింది. "నేను ఏడుస్తుంటే గోడవతల వింటూనే ఉన్నారు కదా" అంది.

"విన్నా."

"మా అమ్మ అన్నం మానేసింది."

"తెలుసు."

"తెలుసు" అంది దర్యాతి, ఆ మాటని చేదుమాత్రలా నోట్లో తిప్పుతూ. గౌను తీసుకుని ఇంట్లోకి పోయి తలుపేసుకుంది. తుర్సినా అలాగే బోడితలతో కూర్చుంది. కుస్వతి పైమెట్టు దిగి వచ్చి, ఆవిడ వెనక చతికిలబడి, చల్లటి అరచెయ్యి ఆ నెత్తి మీద పెట్టింది. "పేలకి కూడా ఇక్కడ నిలువ నీడ లేదే పిల్లా" అంది. అప్పుడు ఏడ్చింది తుర్సినా.

రక్తం ఇచ్చింది. తల ఫొటోలు తీయించుకుంది. ప్రముజి కూడా లారీ ఆపుకుని వచ్చి, "వేడికి కాదండీ" అని ఒప్పుకుని చెయ్యి చాపాడు. దర్యాతి పనికి కావాల్సిన నాలుగు ముక్కలు తప్ప అత్తతో మాట్లాడలేదు. అది తుర్సినాకి న్యాయంగానే తోచింది. పిల్లని మాత్రం పంపేది. కినాసికి నాన్నమ్మ తల చూడగానే ముద్దొచ్చింది. "నాన్నమ్మా, నీదీ నాలాగే" అని బుగ్గ ఆనించి రాసేది. ఆ పిల్లకి దొరికిన మొదటి జట్టు అది.

ఒకనాడు దర్యాతి తనే వచ్చింది. చేతిలో కొత్త కొక్కెం సూది.

"పాపకి ఎప్పుడైనా విగ్గు కావాలంటే మీరు చెయ్యొద్దు. నేను చేస్తా. నేర్పండి."

"కనురెప్పల పని వచ్చు కదా, త్వరగా వస్తుంది" అంది తుర్సినా.

"పొగడకండి. ఇంకా కోపంగానే ఉంది."

"ఉండనీ. సూది అలా కాదు, ఇలా పట్టుకో."

ఏడాది తిరిగాక జోగ్జా నుంచి కబురొచ్చింది. తప్పిన కన్ను దొరికింది. తుర్సినాలో, ప్రముజిలో, కినాసిలో ఒకేచోట. దర్యాతిలో లేదు. డాక్టరమ్మ వచ్చి కూర్చుని మూడుసార్లు చెప్పింది. తుర్సినా నాలుగోసారి అడిగింది. "అంటే నది కాదా?"

"నది కాదు."

"మా ముత్తవ్వ తప్పేమీ లేదా?"

"ఎవరి తప్పూ లేదు. పుట్టుకలో వచ్చింది, అంతే."

తుర్సినా లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. వచ్చి, "శుక్రవారం భోజనాలు పెడతా. మీరు రావాలి" అంది.

మా దగ్గర ఇలాంటి భోజనం ఊరికే పెట్టరు. పసుపు అన్నం గోపురంలా పోసి, చుట్టూ కూరలు పేర్చి, వీధిలో వాళ్ళని పిలిచి, ఊరి మతపెద్ద కాయిమ్ గారు ప్రార్థన చేసే ముందు ఇది ఫలానా సంతోషానికి అని నలుగురికీ వినబడేలా చెప్పాలి. మా కాయిమ్ ముహ్రోజి పద్ధతి మనిషి. గోపురం ముందు కూర్చుని తుర్సినా చెవి దగ్గరికి వంగాడు.

"దేనికని చెప్పమంటావమ్మా? జబ్బు తగ్గిందా?"

"లేదండీ."

"పాపకి జుట్టొచ్చిందా?"

"ఇంకా ఊడుతోంది."

"మందేమైనా దొరికిందా?"

"లేదు."

కాయిమ్ గారు గోపురం వంక, కోడి వంక, కోడి వైపే చూస్తున్న జనం వంక చూశాడు. "ఏదో ఒకటి వచ్చుండాలి కదమ్మా. లేకపోతే దేవుడికి ఏమని చెప్పను?"

తుర్సినా తలకి గుడ్డ మాత్రమే చుట్టుకుంది. దర్యాతి పక్కన అరిటాకులు తుడుస్తోంది. కినాసి డాక్టరమ్మ ఒడికి ఆనుకుని ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తోంది. ఆ పిల్ల ఉన్నట్టుండి అడిగింది. "డాక్టరత్తా, నాకు పెళ్ళయ్యేలోపు జుట్టొస్తుందా?"

అందరూ డాక్టరమ్మ వైపు తిరిగారు. అలాంటప్పుడు వచ్చేస్తుందమ్మా అనడం లోకరీతి. తుర్సినా చిన్నప్పుడు ఆవిడతో ఎందరన్నారో.

"తెలీదు కినాసి" అంది డాక్టరమ్మ. "వెతుకుతున్నాం."

తుర్సినా కళ్ళు తుడుచుకుంది. జన్మంతా ఆవిడ చుట్టూ కారణం తెలిసినవాళ్ళే. నది అని తెలిసినవాళ్ళు, కోడి అని తెలిసినవాళ్ళు, గింజలని తెలిసినవాళ్ళు, అందులో తను కూడా. అమ్మ బతికుండగా ఒక్కరంటే ఒక్కరు వచ్చి తెలీదు, వెతుకుతున్నాం అని ఉంటే, అమ్మ అలా తప్పు తమదేనని గోడకి తిరిగి కన్నుమూసేది కాదు.

"అదే చెప్పండి" అంది కాయిమ్ గారితో. "మా కోసం వెతుకుతున్నారు, అందుకని."

కాయిమ్ గారు కాసేపు గడ్డం నిమురుకున్నాడు. ఇలాంటి కారణంతో ఆయన ఇంతవరకూ ఏ భోజనమూ చేయించలేదు. గొంతు సవరించుకుని లేచి నిలబడ్డాడు. "ఈ ఇంటివాళ్ళు ఇవాళ దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటున్నారు. పని ఇంకా కాలేదు. కానీ చేసేవాళ్ళు దొరికారు" అన్నాడు.

"ఆమీన్" అన్నారందరూ. అందరికంటే గట్టిగా దర్యాతి అంది. ఆ వెంటనే మొదటి అరిటాకులో అన్నం పెట్టి, కోడి కాలు వేసి, అత్త చేతికిచ్చింది.